శనివారాలు మాత్రమే ఆడిన చెయ్యి

ఆ రోజు మా ఆయన చొక్కా గుడ్డ ముందు కత్తెర పట్టుకొని చాలాసేపు నిలబడిపోయాడు. గీత గీసి ఉంది, చెయ్యి కదలదు. ఆయనకు కోదాడలో టైలర్ షాపు. "పదును పోయింది" అంటూ కత్తెరకు సాన పట్టించుకొచ్చాడు. వారం తిరక్కుండానే మళ్ళీ పట్టించాడు. కాలరు వంకరగానే వచ్చింది. "అరిగింది కత్తెర కాదయ్యా, నువ్వు" అని నవ్వాను.

కోదాడ డాక్టరు భుజం పట్టేసిందన్నాడు. బి ట్వెల్వ్ ఇంజెక్షన్లు చేశాడు. నడుస్తుంటే కాలు ఈడవడం మొదలయ్యాక సూర్యాపేటలో న్యూరాలజిస్టుకు చూపించాం. ఆయన ఎంఆర్ఐ చూసి "నార్మల్" అన్నాడు. వేళ్ళు ఆడించమని, వరండాలో నడవమని చెప్పి "పార్కిన్సన్స్" అన్నాడు, ఒంటి కదలికలు మందగించే మెదడు జబ్బట. నార్మల్ అయితే జబ్బేమిటి, జబ్బుంటే నార్మల్ ఏమిటి? బస్సు దిగేదాకా నాకు అదే ఆలోచన.

లెవోడోపా మాత్రలు రాసి, తిండికి అరగంట ముందు వేసుకోమన్నాడు. పరగడుపున వేస్తే ఆయనకు వాంతులు. అందుకని ముందు ఏదైనా పెట్టి, ఆ తర్వాత మాత్ర ఇచ్చేదాన్ని. నేను అంగన్‌వాడీ టీచర్ని. పప్పుదినుసుల్లో మాంసకృత్తులుంటాయి, కండకు బలమని గర్భిణులకు రోజూ చెప్పే నోరు నాది. ఇంట్లో ఊరుకుంటానా? పొద్దున ఉలవ గుగ్గిళ్ళు, మధ్యాహ్నం ముద్దపప్పు. మిర్యాలగూడ నుంచి ఆయన అక్క, మా వదిన, సంచెడు ఉలవలు మోసుకొచ్చింది.

"గుర్రం ఏం తిని ఉరుకుతదే పిల్లా? ఉలవలే గదా. నా తమ్మునికి కడుపునిండ పెట్టు."

ఉలవల్లో ఇనుము కూడా ఉంటుందని ఆమెకు నేనే పాఠం చెప్పాను.

బలం రాలేదు సరికదా, మాత్ర పనిచేయడమే మానేసింది. డాక్టరు డోసు పెంచాడు. కొంతకాలానికి మళ్ళీ పెంచాడు. విచిత్రం ఏమిటంటే శనివారాలు మాత్రం చెయ్యి ఆడేది. శనివారం ఆయనకు ఒక్కపొద్దు. పొద్దున అరటిపండు తిని మాత్రలు వేసుకుంటాడు, దీపం పెట్టేదాకా మెతుకు ముట్టడు. ఆ రోజు కత్తెర పాత రోజుల్లోలాగే గుడ్డ మీద పరుగెత్తేది. ఆదివారం మళ్ళీ కొయ్యబారిపోయేవాడు. రోగం కూడా వారాలు చూసుకుంటుందా?

"వెంకన్న సల్లగ సూస్తుండు. ఇంతకంటే సాక్ష్యం ఏం గావాలె?" అంది వదిన.

నయం చేసేది మందు కాదు, వెంకన్నేనని ఆయన నమ్మాడు. నాకు చెప్పకుండా మాత్రలన్నీ మానేశాడు. కొద్దిరోజుల్లోనే మంచంలో పక్కకు తిరగలేని స్థితికి వచ్చాడు. మంచినీళ్ళు కూడా గొంతు దిగలేదు. మాట లేదు, కళ్ళు మాత్రం నన్నే చూస్తున్నాయి. చచ్చేంత భయపడ్డాను. అంబులెన్సులో సూర్యాపేట తీసుకెళ్ళాం.

"ఈ మందు సడెన్‌గా ఆపితే ప్రాణానికే ప్రమాదం, తెలుసా అమ్మా?" అని డాక్టరు గట్టిగా కేకలేశాడు. ముక్కులో ట్యూబు వేసి మందులు మొదలుపెట్టారు. మా ఆయనకు మాట తిరిగి వచ్చిన రోజు, డాక్టరు రౌండ్స్‌కు వస్తే, సిగ్గుపడుతూనే శనివారాల సంగతి అడిగాను. డాక్టరు నవ్వలేదు.

"మిగతా రోజులు మాత్రకు ముందు ఏం పెడుతున్నరు?"

"గుగ్గిళ్ళు సార్. ప్రొటీన్ కదా."

"అదేనమ్మా. ఈ మందు, ప్రొటీన్ రెండూ పేగుల్లకెల్లి ఒకటే దర్వాజల పోవాలె. ప్రొటీన్ ముందు జొరబడితే మందు బయటనే నిలబడతది."

"అయితే పప్పు మానెయ్యాల్నా సార్?"

"మానొద్దు, మనిషి సన్నబడతడు. టైమ్ మార్చు. మాత్రతోని రెండు బిస్కెట్లు చాలు. ఉలవలు, పప్పు రాత్రికి పెట్టు."

నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియలేదు. పప్పు మంచిదే, మందూ మంచిదే, పెట్టింది ప్రేమతోనే. అయినా మనిషి చావు దాకా వెళ్ళొచ్చాడు. మళ్ళీ అంగన్‌వాడీ సెంటర్‌కు వెళ్ళి తల్లుల ముందు పప్పు గురించి చెప్పబోతూ, ఇంట్లో ఎవరైనా మందులు వాడుతున్నారా అని ముందు అడిగాను.

ఇప్పుడు పొద్దుటి పూట కటింగ్ ఆయనే చేస్తాడు. కుట్టు పని వేరేవాళ్ళకు ఇస్తున్నాం. జబ్బు పోదని డాక్టరు ముందే చెప్పాడు. కొన్ని మధ్యాహ్నాలు అడుగు నేలకు అతుక్కుపోతుంది. శనివారం ఒక్కపొద్దు మాత్రం మానలేదు.

"గుట్టు తెలిసింది కదయ్యా, ఇంకెందుకు?" అన్నాను.

"గుగ్గిళ్ళ సంగతి సార్ చెప్పిండు, సరే. సార్‌ను అడగమని నీకు బుద్ధి పుట్టించిందెవరు?"

ఆ శనివారం కూడా మాత్రతో అరటిపండే ఇచ్చాను.

మీకు చెప్పగలిగింది ఒక్కటే. డాక్టరు దగ్గరికి వెళితే మందుల సంగతే కాదు, వంటింటి సంగతీ చెప్పండి. మాత్రకు ముందు ఏం పెడుతున్నారు, ఏ రోజు ఒక్కపొద్దు, ఏ రోజు మనిషి తేలిగ్గా ఉంటున్నాడు, అన్నీ. నవ్వుతారని మొహమాటపడకండి. ఆ మొహమాటమే లేకపోతే, ఆయన గొంతులో నీళ్ళు దిగని రోజును నేను చూసేదాన్ని కాదు.