ఇండిపెండెంట్ అంటే

తుంటి ఎముక విరిగిన చాలా నెలలకు అమ్మ చేతికర్ర లేకుండా నడిచింది. కామారెడ్డిలో ఫిజియోథెరపీ చేయించే మేడమ్ నవ్వి, "ఇక మీరు ఇండిపెండెంట్" అంది. తిరిగి ఎల్లారెడ్డి బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాక అమ్మ నన్ను అడిగింది.

"గా మాటకు అర్థం ఏంది బిడ్డా?"

నేను కాలేజీలో స్టాటిస్టిక్స్ చెబుతాను. మా పాఠంలో, ఒక సంఘటన జరిగినా జరగకపోయినా రెండోదానికి ఏ తేడా రాకపోతే ఆ రెండూ ఇండిపెండెంట్. అదే చెప్పాను. అమ్మ మళ్లీ అడిగింది.

"మన వాడల కౌన్సిలర్‌గ నిలబడ్డాయన గూడ ఇండిపెండెంటే గదా?"

"ఆయనకు ఏ పార్టీ లేదని గట్లంటరు. మేడమ్ చెప్పింది వేరే. ఎవరి సాయం లేకుండ నడుస్తున్నవని."

అమ్మ కిటికీ వైపు తిరిగింది. బయట నీళ్లు నిండిన మడుల్లో మబ్బులు మాతోపాటే మెల్లగా వస్తున్నాయి. నాకు కునుకు పట్టింది. ఆ మగతలో నేను చిన్నపిల్లనై, బీడీలు చుడుతున్న అమ్మ ఒడికి ఆనుకుని తునికాకు వాసన పీలుస్తున్నట్టు అనిపించింది. ఆకు కత్తిరించే చప్పుడు కూడా ఎక్కడో దూరంగా వినిపించింది.

కళ్లు తెరిచేసరికి ఎల్లారెడ్డి వచ్చేసింది. అమ్మ కడ్డీ పట్టుకుని ఒక్కతే మెట్లు దిగింది. నేను దిగగానే నా చెయ్యి అందుకుంది.

"కాలు నొస్తున్నదా అమ్మా?"

"లేదు. ఊకెనే పట్టుకున్న."

ఆటోల దాకా అలాగే నడిచాం.