జాతర దాకా

హైదరాబాదు రాజ్యం ఇండియాలో కలిసిన మరుసటి ఏడు, సూర్యాపేటలోని ఒక చిన్న దవాఖానలో ఎస్తేరమ్మ నర్సుగా ఉండేది. సొంతూరు నడిగూడెం. అరిచే రోగులు ఆమెకు కొత్త కాదు గానీ, గొర్లకాపరి ఐలన్న భార్య నాంచారమ్మ అందరినీ మించింది. తాగించిన మందు ఎస్తేరమ్మ ముఖం మీదే ఉమ్మేది, ఒళ్లు తుడవబోతే గిల్లేది.

జ్వరం దిగి తెలివొచ్చిన రోజు నాంచారమ్మ చేతికి వెండి కడియం లేదు.

"గీ నర్సమ్మే తీసింది!" అని వార్డంతా వినబడేలా అరిచింది.

డాక్టరు అందరి ముందూ ఎస్తేరమ్మ పెట్టె తెరిపించాడు. రెండు చీరలు, ఒక బైబిలు బయటపడ్డాయి. ఏమీ దొరక్కపోవడం కూడా ఆమె తప్పే అయింది. "ఎప్పుడో దాటించి ఉంటది" అన్నారు చూసినవాళ్లు. ఐలన్న మంచం పక్కన తల వంచుకుని నిలబడ్డాడు.

ఇంటికి పోయే రోజు అతను ఎస్తేరమ్మను పక్కకు పిలిచి, రొండిలోంచి పసుపు గుడ్డ మూట తీసి విప్పాడు. లోపల కడియం.

"జరం తగ్గాలని లింగమంతుల సామికి ముడుపు కట్టిన. మొక్కు తీరకముందు బయటపెట్టొద్దు. నా పెండ్లానికి గూడ చెప్పలే. నీ ఉసురు తగుల్తదని నీకొక్కదానికే చెప్తున్న."

"నా పెట్టె ఎతికేటప్పుడు గీడనే ఉంటివి గదా?"

"ఉంటి. నువ్వు దొంగవు గావని నాకెరికే గదా నర్సమ్మా! జాతర దాకా ఎవ్వరికీ చెప్పకు."

లింగమంతుల సామికి చేసే పెద్దగట్టు జాతర రెండేళ్లకోసారి వస్తుంది. ఆ జాతర అయిపోయి అప్పటికి నెల కూడా తిరగలేదు.