సుడిగాలి కంప్యూటర్‌లో ఖాళీ బెడ్లు

మా ఆఫీసులో నా పక్క సీటు సుడిగాలిది. వెబ్ పేజీలు రాస్తాడు. పని చెప్పి వెనక్కి తిరిగేలోపు ముగించేస్తాడని ఆ పేరు పెట్టాం. మేనేజరు వాణ్ణి నెత్తిన పెట్టుకునేవాడు. నాకేమో ఆ తొందర చూస్తే ఒళ్ళు మండేది.

ఏ ఆసుపత్రిలో బెడ్లు ఖాళీ ఉన్నాయో చూపించే పేజీ వాడికి అప్పగించారు. పేజీ ఉండేది మా సర్వర్‌లో, ఖాళీల వివరాలు ఆసుపత్రుల సర్వర్లలో. ఒకచోటి పేజీ ఇంకోచోటి సమాచారం అడిగితే బ్రౌజర్ ఊరికే చేతిలో పెట్టదు. ఆ రెండో సర్వర్ సరేననాలి. అందరూ సరేనన్నారు, పెద్దాసుపత్రి తప్ప. అక్కడి కంప్యూటరాయన ఎప్పుడు ఫోన్ చేసినా "రేపు చేసేస్తా సార్" అనేవాడు.

ఈలోగా పని ఆగకూడదని సుడిగాలి తన బ్రౌజర్‌లో మాత్రం ఆ అడ్డును తొలగించే ఎక్స్‌టెన్షన్ అనే చిన్న ప్రోగ్రాం ఒకటి పెట్టుకున్నాడు. మా వాళ్ళందరూ చేసేదే. వీడు దాని సంగతే మర్చిపోయాడు. తన తెర మీద పెద్దాసుపత్రి ఖాళీలు కూడా కనిపిస్తుంటే అనుమతి వచ్చేసిందనుకున్నాడు. వేరే ఫోన్‌లో ఒక్కసారి తెరిచి చూసిన పాపాన పోలేదు. పైగా సమాచారం అందకపోతే "బెడ్లు ఖాళీ లేవు" అని పడేలా రాసిపెట్టాడు.

పేజీ జనంలోకి వెళ్ళిన కొన్నాళ్ళకు వాడి బావ గుండెపోటుతో పోయాడు. పరామర్శకు నేనూ వెళ్ళాను. వాళ్ళక్క గోడకు ఆనుకుని కూర్చుంది.

"పెద్దాసుపత్రి మా వీధి చివరే కదరా. నీ పేజీలో ఖాళీ లేవని ఉంటే, అక్కడ టైం వేస్టెందుకని ఊరవతలికి తీసుకెళ్ళాం. దారిలోనే పోయారు. నీ పుణ్యమా అని, అక్కడ కాళ్ళావేళ్ళా పడే బాధైనా తప్పిందిలే" అంది.

సుడిగాలి నా ఫోన్ లాక్కుని పేజీ తెరిచాడు. పెద్దాసుపత్రిలో బెడ్లు ఖాళీ లేవనే ఉంది. అక్క వైపు తిరిగాడు.

"ఇప్పుడొద్దు, పద" అని చెయ్యి పట్టి లాగాను. వినలేదు. ఆమెకు అర్థమయ్యేలా మొత్తం చెప్పేశాడు.

"అయితే ఆ పొద్దున అక్కడ బెడ్ ఉందా?"

"ఉన్నాయక్కా. ఆఫీసులో చూశాను."

ఆమె ఏడవలేదు. తమ్ముడి ముఖంలోకి చూసింది.

"నీకు కనిపించాయన్నమాట" అంది.