లావెక్కని మేనత్త

బొంబాయి కామాఠిపురాలో, వరుస గదుల చాల్‌లో ఉండిన మా మేనత్తను తలచుకుంటే, ఆమె మంచం మీద పడుకుని, పళ్లు బిగబట్టి, కట్టుకట్టిన కాలిని మెల్లగా పైకెత్తి దించడమే గుర్తొస్తుంది. అది ఎనభైల మొదట్లో. మామ పోయాక ఆ ఒంటిగది ఖోలీ ఆమెది. అది తనకు కావాలని, ఆమెతోనే ఉంటున్న మరిది ఒకనాడు ఆమెను మెట్ల మీంచి తోసేశాడు. జారిపడిందని అందరికీ చెప్పాడు.

ఆ తర్వాత అతనే రోజూ పూరీలు, జిలేబీలు తెచ్చేవాడు. "తిను వదినా, ఆరాం జెయ్," అనేవాడు.

ఆమె వాటిని ఇరుగుపొరుగు పిల్లలకు పంచి, తను ఒక్క జొన్నరొట్టె తినేది. "లావైతే మంచంల్నే ఉంట. వానికి గదే గావాలె," అని నాతో చెప్పి మళ్లీ కాలెత్తేది.

కట్టు విప్పాక గోడ పట్టుకుని గదుల ముందున్న గ్యాలరీలో నడక మొదలుపెట్టింది. కాలు నిలదొక్కుకున్నాక ఒక పొద్దున, మరిది నల్లా దగ్గర స్నానం చేస్తుంటే, అతని ఇనుపపెట్టెను నెత్తిన పెట్టుకుని మెట్లన్నీ దిగి రోడ్డు మీద పడేసింది. ఏళ్ల తరబడి ఇటుకలు మోసిన నెత్తి అది.

అతను తడి తువాలుతోనే పరుగెత్తుకొచ్చాడు. "నేనేడికి పోవాలె వదినా?" అని ఏడ్చాడు.

"మెట్లకాడ పడ్డప్పుడు నేను గూడ ఏడ్సిన. నువ్ మీదికెల్లి సూస్కుంట నిలబడ్డవ్," అంది మేనత్త.

కుంటుతూ పైకెళ్లి గడియ పెట్టుకుంది. సాయంత్రం దాకా అతను పెట్టె మీదే కూర్చున్నాడు. ఆమె ఒక్కసారి కూడా కిందికి చూడలేదు.