ముందుకు పోని రిమోటు

మా ఇంట్లో రిమోటుకు ప్లాస్టిక్ కవరు తొడిగేది దుమ్ము పడకుండా కాదు, ముక్కలు చెదరకుండా. డిస్క్ ప్లేయరు కొన్న రోజు నుంచీ దాని రిమోటు కవర్లోనే ఉండేది. కవరు మీద అమ్మ రబ్బరు బ్యాండ్లు చుట్టేది. నాన్న విసిరితే అది గోడకైనా తగలాలి, అమ్మకైనా తగలాలి. గోడకు తగిలితే మూత ఊడి బ్యాటరీలు కవర్లో గలగలలాడేవి. అమ్మకు తగిలితే అంత చప్పుడు వచ్చేది కాదు. ఓసారి కనుబొమ్మ చీలి రక్తం కంట్లోకి కారుతుంటే, అమ్మ ముందు రిమోటు తీసి నొక్కి చూసింది, పనిచేస్తుందో లేదో అని. ఆ తర్వాతే కొంగుతో నుదురు అదుముకుంది. ఆయన వంటింట్లో నీళ్లు తాగి వచ్చేసరికి అది పనిచేయకపోతే రెండో విడత మొదలయ్యేది మరి.

నాన్న తాగేవాడు కాదు. ఇది ముందే చెప్పేస్తున్నాను, లేకపోతే అందరూ నెపం తాగుడు మీదికి నెట్టేస్తారు. ఎర్రమంజిల్‌లో సర్కారు ఆఫీసులో ఉద్యోగం, చర్చిలో సంఘపెద్ద హోదా. ఆయన నిలబడి ప్రార్థన చేస్తే ముసలమ్మలు కళ్లు తుడుచుకునేవారు, గొంతు అంత మెత్తన. అదే గొంతు కూరలో ఉప్పెక్కువైన రోజు లేస్తే, కింది వాటావాళ్లు టీవీ సౌండు పెంచుకునేవారు. వాళ్లను తప్పుపట్టను. మేమూ పక్కింట్లో గొడవైతే అదే చేసేవాళ్లం. ఇంట్లో పులి వీధిలో పిల్లి అంటారు చూడండి, మా పిల్లి వీధిలో వాక్యోపదేశం కూడా చేసేది.

పోయినేడు గుండె ఆగి పోయాడు. చచ్చినవాడి కళ్లు చారెడు అని ఊరికే అనలేదు. సమాధి తోట నుంచి తిరిగొచ్చేలోపే ఆయన దేవదూత అయిపోయాడు. ఏడాది తిరిగింది. మాలో మొదటి ఏడాది జ్ఞాపకార్థ కూడిక పెట్టడం ఆనవాయితీ. ఇంట్లో కుర్చీలు వేసి, పాటలు పాడి, పోయినవాళ్ల గురించి నాలుగు మాటలు చెప్పుకుని, భోజనాలు చేసి వెళ్తారు. పాస్టరు గారు ఆదివారం ఆరాధనలో అందరి ముందూ ప్రకటించేశారు: "అయ్యగారి పెళ్లి రజతోత్సవం డిస్కు ఇంట్లో ఉంది కదా, ఆఖర్న ఆయన చేసిన ప్రార్థన ఉంది. కూడికలో అందరం చూద్దాం, ఆ గొంతు మళ్లీ విందాం."

అన్న, నేను ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. అమ్మ పాటల పుస్తకం తిరగేస్తోంది.

ఆ డిస్కులో ఆఖరి ప్రార్థనకు ముందు ఏముందో మా ముగ్గురికీ తెలుసు. కేకు కోశాక అమ్మ నాన్న నోట్లో ముక్క పెట్టింది. క్రీము జారి ఆయన కొత్త కోటు మీద పడింది. నాన్న నవ్వుతూనే అమ్మ చెంప మీద కొట్టాడు. చిన్న దెబ్బ కాదు. అమ్మ తల పక్కకు తిరిగిపోయి, జడలో పూలు తెగి కేకు మీద పడ్డాయి. వెనక నిలబడ్డవాళ్లు చూశారు, చూసి బిర్యానీ గిన్నెల వైపు తిరిగారు. స్టూడియోవాడు ఆ డిస్కు తయారు చేసేటప్పుడు కళ్లెక్కడ పెట్టుకున్నాడో గానీ, సరిగ్గా ఆ చోట చుట్టూ గులాబీల ఫ్రేము వేసి, వెనక కీబోర్డు సంగీతం పెట్టాడు. గులాబీల మధ్యలో మా అమ్మ చెంపదెబ్బ తింటుంది. ఇంటికి తెచ్చిన రోజు ఒకసారి వేసుకున్నాం. ఆ తర్వాత దాన్ని బీరువాలో చీరల కింద పెట్టేసింది అమ్మ.

కూడికకు రెండు రోజుల ముందు పంజాగుట్టలోని ఆ ఇంటికి వెళ్లాను. అమ్మ, అన్న ఉండేది అక్కడే. అన్న అప్పటికే ఉపాయం ఆలోచించి పెట్టాడు.

"రిమోటు నా చేతుల పెట్టుకొని కూసుంట. కేక్ అయిపోంగనే ఫార్వర్డ్ కొడత. సీదా ప్రార్థనకు పోతది. ఎవ్వనికి తెల్వది."

"ఎందుకు ఫార్వర్డ్? ఉన్నది ఉన్నట్టు చూడనీ," అన్నాను.

"పాగల్ అయినవా? సచ్చినోని పరువు దీస్తవా?"

"బతికున్నామె పరువు సంగతేంది?"

అంతే. మెడ వెనక పట్టుకుని గోడకు అదిమాడు. నాన్న పట్టే పట్టు అది, వేళ్లు కూడా అక్కడే దిగాయి. నాకూ ఆ రక్తమే కదా, ఊరుకుంటానా? మణికట్టు మీద కసిదీరా కొరికాను. నోట్లో ఉప్పగా తగిలేదాకా వదల్లేదు. వాడు కేకపెట్టి విదిలించుకుని, చేతికందిన రిమోటు నేలకేసి కొట్టాడు, మళ్లీ కాలితో తొక్కాడు. కవరుతో సహా నుజ్జయింది. నాన్న అన్నేళ్లు విసిరినా బతికిన రిమోటు కొడుకు ఒక్క దెబ్బకు చచ్చింది. తండ్రిని మించిన తనయుడు.

అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. "అయిందా?" అంది. "ఇద్దరికిద్దరు నా గురించి కొట్టుకు సస్తున్నరు. నన్నెవ్వరన్న అడిగిండ్రా?"

అమ్మ వంగి బ్యాటరీలు ఏరింది.

రోషం దిగాక అన్నకు తెలిసొచ్చింది. రిమోటు లేకపోతే ఆ డిస్కు నడవనే నడవదు. పెడితే నాన్న, అమ్మ పూలదండలతో ఉన్న ఫొటో దగ్గర ఆగిపోతుంది. ఎంటర్ నొక్కితే గానీ కదలదు, ఆ ఎంటర్ రిమోటు మీదే తప్ప ప్లేయరు మీద లేదు. ఇప్పటి ల్యాప్‌టాప్‌లకు డిస్కు పెట్టే చోటే లేదు. మైత్రీవనం దగ్గర పెన్‌డ్రైవులోకి ఎక్కించి ఇచ్చేవాళ్లున్నారన్నాను. "ఎక్కించేటోడు చూస్తడు," అన్నాడు. పాస్టరు గారు ప్రకటించాక వేయకపోతే పదిమందీ ఏమిటేమిటని అడుగుతారు. చివరికి చేతికి గుడ్డ కట్టుకుంటూ, "ఎట్లనన్న చేసి రిమోట్ తీస్కరాండ్రి. ఫార్వర్డ్ మాత్రం పక్కా ఉండాలె," అని ఆఫీసుకు పోయాడు.

మర్నాడు ప్లేయరును బియ్యం సంచిలో పెట్టుకుని అమ్మా నేనూ బయల్దేరాం. పరీక్షించడానికి క్రిస్మస్ పాటల డిస్కు ఒకటి పెట్టుకున్నాం. పంజాగుట్టలో పెద్ద షోరూముకు వెళ్తే డిస్క్ ప్లేయరన్న మాటకే నవ్వారు. నేను అక్కడే ఒకణ్ని తిట్టాను. అమ్మ చెయ్యి పట్టి లాక్కొచ్చింది. అక్కణ్నుంచి అమీర్‌పేట. మైత్రీవనం వెనక సందులో, కోచింగుల బోర్డుల కింద ఒక రిమోట్ల కొట్టు ఉంది. గోడ నిండా కవర్లలో రిమోట్లు వేలాడుతుంటాయి.

మేం వెళ్లేసరికి అక్కడ యుద్ధం నడుస్తోంది. కొన్న రిమోటు కలవలేదని ఒకడు కొట్టతని కాలరు పట్టుకున్నాడు. కొట్టతను అదే రిమోటుతో వాడి నోటి మీద కొట్టాడు. పెదవి పగిలి రక్తం గడ్డం మీదికి కారింది. వాడు అద్దాల బల్లను ఒక్క తన్ను తన్ని, బూతులు తిడుతూ పోయాడు. చుట్టూ బ్యాగులేసుకున్న పిల్లలు ఫోన్లు పైకెత్తి నిలబడ్డారు. అమ్మ మాత్రం వంగి, కింద దొర్లుతున్న బ్యాటరీలు ఏరి బల్ల మీద పెట్టింది. అలవాటు.

"ఏం గావాలమ్మా?" అన్నాడు అతను, ఇంకా రొప్పుతూ. నేను ప్లేయరు బయటికి తీసి కంపెనీ పేరు చెప్పాను.

"పేరుతోని ఏం పని లేదక్కా. గదే పేరు మీద రకరకాల బోర్డులొచ్చినయ్. లోపటి బోర్డుకు కలవాలె. పెట్టి చూసుడే."

డబ్బాలోంచి ఒక్కోటీ తీసి నొక్కడం, కలవకపోతే విసిరికొట్టడం. ఒకదానికి ప్లేయరు వెలిగింది, అంతే, ఇంకే మీటా పలకలేదు. ఇంకోదాని మీద కింది బాణం నొక్కితే ట్రే బయటికొచ్చింది. అతను బూతు మాట అని, అమ్మను చూసి నాలిక కరుచుకున్నాడు. చాలాసేపటికి ఒకటి కలిసింది. మెనూ, ఎంటర్, ప్లే, స్టాప్ అన్నీ పలికాయి. పాట నడుస్తుండగా ఫార్వర్డ్ నొక్కాడు. పాట దాని మానాన అది నడిచింది. గట్టిగా నొక్కాడు. అయినా అంతే.

"గిది అన్ని చేస్తదమ్మా, ముందుకు మాత్రం పోదు. రేపు పొద్దుగాల కోఠీ నుంచి ఇంకోటి తెప్పిస్త. అది పూరా కలుస్తది, ఫికర్ చెయ్యకు."

కూడిక రేపు సాయంత్రం. టైముంది. "రేపే వస్తాం," అన్నాను. అన్నకు కావలసిందే ఫార్వర్డ్, అది లేకుండా వెళ్తే మెడ మీద మళ్లీ ఆ వేళ్లు దిగుతాయి.

"వద్దు. ఇదే ఇయ్యి బిడ్డా," అంది అమ్మ.

"అన్నకేం చెప్తవమ్మా?"

"నేను చెప్పుకుంటలే." రిమోటు కవరు మీద చేతి సంచిలోంచి తీసిన రబ్బరు బ్యాండు చుట్టింది. ఎండకూ తిరుగుడుకూ అలిసిపోయి అలా అందనుకున్నాను. దారిలో, చెప్పకపోతే గొడవవుతుందని మళ్లీ గుర్తుచేస్తే, "సంచి జర నువ్వు పట్టుకో, భుజం గుంజుతున్నది," అంది.

కూడికకు ఇల్లు నిండిపోయింది. రజతోత్సవం నాడు బిర్యానీ వైపు తిరిగినవాళ్లు చాలామంది ఉన్నారు. పాటలయ్యాయి. లేచినవాళ్లందరూ నాన్న శాంతస్వభావం గురించి చెప్పారు. వినలేక నా గోళ్లు నా అరచేతిలోనే దిగాయి. పాస్టరు గారు, "ఇప్పుడు ఆ డిస్కు వేయండి నాయనా," అన్నారు. అప్పటిదాకా అమ్మ చేతి సంచిలోనే ఉన్న రిమోటు తీసుకుని అన్న టీవీ పక్కన కూర్చున్నాడు. మణికట్టు మీద నా పళ్ల గాటు ఇంకా ఎర్రగానే ఉంది. ఎంటర్ నొక్కాడు, డిస్కు కదిలింది. నావైపు చూసి తలాడించాడు. అమ్మ వాడికి చెప్పలేదని నాకప్పుడు అర్థమైంది.

కేకు వచ్చింది. అన్న ఫార్వర్డ్ నొక్కాడు. అమ్మ చెయ్యి నాన్న నోటి దగ్గరికి వెళ్తోంది. మళ్లీ నొక్కాడు. అరచేతికేసి కొట్టి నొక్కాడు. బొటనవేలు తెల్లబడేలా నొక్కాడు. క్రీము కోటు మీద పడింది. గులాబీలు విచ్చుకున్నాయి. నాన్న చెయ్యి లేచింది.

ఈసారి తిరగడానికి బిర్యానీ గిన్నెలు లేవు. ఇరుకు గది, అందరి మోకాళ్లూ టీవీ వైపే ఉన్నాయి. పూలు తెగి కేకు మీద పడ్డాయి. ఎవరో ముసలమ్మ "ప్రభువా" అంది. అన్న ఒక్క ఉదుటున లేచి టీవీ తీగ పీకబోయాడు. అమ్మ ఆ గాయం మీదే వాడి మణికట్టు పట్టుకుంది.

"కూసో బిడ్డా. ప్రార్థన ఇంకా రాలే."

వాడు కూర్చున్నాడు. అమ్మ వాడి చేతిలోంచి రిమోటు తీసుకుంది. తెర మీద నాన్న కళ్లు మూసుకుని, ఆ మెత్తని గొంతుతో మొదలుపెట్టాడు. "పరలోకమందున్న మా తండ్రీ, నాకు సాటియైన సహాయముగా ఈ భార్యను నీవు అనుగ్రహించినందుకు..."

ప్రార్థన వినబడగానే కళ్లు మూసుకోవడం మాకు చిన్నప్పటి నుంచీ అలవాటు. ఆ రోజు ఆ గదిలో ఎవరూ మూసుకోలేదు. అందరూ అమ్మ చెంప వైపు చూస్తున్నారు.

అమ్మ రిమోటు ఎత్తి స్టాప్ నొక్కింది. ఒక్క నొక్కుకే ఆగిపోయింది.

"ఇగ లెవ్వుండ్రి," అంది. "అన్నం తిందురు."