వెనక్కి నడిచిన నీలిరంగు

మా ల్యాబ్ మేడం మొన్న ఆల్థాన్‌లోని తన ఇంట్లో నిద్రలోనే పోయారు. ఫోన్లో ఆ మాట వినగానే ఏడుపుకన్నా ముందు ‘హమ్మయ్య’ అనుకున్నాను. ఏమైనా అనుకోండి. చివరి నెలల్లో ఆవిడ పడ్డ నొప్పి చూసినవాళ్లెవరైనా అలాగే అనుకుంటారు.

లింబాయత్‌లో సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపే ఇంట్లో పుట్టిన మనిషి. డీఎన్‌ఏ ముక్కలను వేరుచేసే పని నాకు నేర్పింది ఆవిడే. నీళ్ల తొట్టిలో మునిగి ఉండే జున్నుముక్కలాంటి జెల్ పలకకు ఒక చివర చిన్న గుంటలుంటాయి. వాటిలో నీలిరంగు కలిపిన నమూనా పోసి కరెంటు పెడితే డీఎన్‌ఏ ఎర్రవైరు వైపు నడుస్తుంది. చిన్న ముక్కలు ముందు, పెద్దవి వెనక. త్వరగా ఇంటికి పోదామని నేను కరెంటు పెంచబోతే కసిరేవారు.

“గట్ల ఉరికిస్తే అన్నీ అలుక్కపోతయ్. జర ఓపిక పట్టు.”

నీలిరంగు జెల్‌లోకి దిగేదాకా అక్కడినుంచి కదలనిచ్చేవారు కాదు. నమూనా మొత్తం ఒకేసారి వాడితే మాత్రం ఇక తిట్లే. “సగం దాచు. అయిపోతే మళ్ల యాడికెల్లి తెస్తవ్?”

నేను కడుపుతో ఉన్నప్పుడు, నాకూ మా ఆయనకూ ఒకే తలసీమియా లోపం ఉందని తేలింది. ఇద్దరినుంచీ అది బిడ్డకు వస్తే జీవితాంతం రక్తం ఎక్కిస్తూనే ఉండాలి. పోల్చి చూడటానికి మా ఇద్దరి నమూనాలతో పాటు కడుపులోని బిడ్డ నమూనా మా ల్యాబ్‌కే వచ్చింది. మేడం నన్ను ముట్టనివ్వలేదు.

“నువ్వు కూసో బిడ్డా. నేనే జేస్త.”

స్విచ్ వేశారు. నీలిరంగు వెనక్కి నడవడం మొదలుపెట్టింది. వైర్లు తారుమారయ్యాయి! కొత్తగా చేరినవాళ్లు చేసే తప్పది, ఆవిడ చేయగా నేనెన్నడూ చూడలేదు. నా బిడ్డ నమూనా గుంటలోంచి నీళ్లలోకి పోతోంది. మేడం గబుక్కున స్విచ్ ఆపి నాకేసి తిరిగారు.

“నీదనేసరికి ఆగమైతున్ననే. భయపడకు, సగం ఉన్నది.”

కొత్త జెల్ పోశారు. ఈసారి వైర్లు నన్నే చూడమన్నారు.

లైటు కింద పెడితే మా ఆయన వరుసలోనూ నా వరుసలోనూ లోపం చూపే గీత మెరిసింది. బిడ్డ వరుసలో అది లేదు. పరీక్ష సరిగ్గా జరిగిందని చెప్పే గీత మాత్రం మూడింట్లోనూ ఉంది. మేడం వంగి మళ్లీ చూశారు.

“లేదే. నీ కడుపు సల్లగుండ, లేదు!”

ఆవిడ చెంపల మీద నీళ్లు కారుతున్నాయి. చేతులకు గ్లౌజులు, వాటికి జెల్ రంగు. తుడుచుకోవడానికి లేక, రెండు చేతులూ గాల్లో పెట్టుకుని పసిపిల్లలా నాకేసి ముఖం ముందుకు వంచారు. నా చున్నీతో తుడిచాను.