రెక్క కొసన మూడు గాట్లు

మా ఖాదర్ తాతను "మాజీ హెల్పర్" అని రాసిన్రు. రాసింది ఆయన పనిచేసిన హెలికాప్టర్ షెడ్డు రిటైర్డ్ ఉద్యోగుల సంఘం సెక్రటరీ. తాత దగ్గర పని నేర్చుకున్న మనిషే. తెల్వక రాసింది కాదు.

నిన్న పొద్దుగాల రజియా అత్త ఫోన్ చేసింది. తాత బిడ్డ ఆమె.

"అబ్బాజాన్ లేడు బిడ్డా" అన్నది.

పొయ్యి మీద చాయ్ పెట్టి ఉన్న. అది పొంగి మంట ఆరిపోయేదాంక గట్లనే నిలబడ్డ.

గంటకే ఆ మెసేజ్ ఎవరో ఫార్వర్డ్ చేసిన్రు. "మాజీ హెల్పర్ ఖాదర్ గారు మృతి. రేపు సంతాప సభ."

హెల్పర్ అంటే తక్కువ పని అని కాదు నా కోపం. అబద్ధం అని కోపం.

ఇగ ఆయన ఎవరో వినుండ్రి.

పోలీస్ యాక్షన్ రోజులు. తాతకు పదకొండేళ్ళు. వాళ్ళ నాయిన లాలాగూడ వర్క్‌షాప్‌ల రైలు బోగీలు చేసే వడ్రంగి. ఎవరింటి మీదికి ఎవరొస్తరో తెల్వని రోజులవి. అల్వాల్‌ల మా ముత్తాతకు కట్టెల అడితి ఉండె. తన దోస్తయిన ఆ వడ్రంగి కుటుంబాన్ని తెచ్చి ఆ అడితి వెనక షెడ్డుల దాచిండు.

బయట ముసురు వాన. లోపల పిలగాడు. మాట్లాడొద్దు, ఉరకొద్దు, దగ్గు సుత గట్టిగ రావొద్దు.

ఏం ఆడతడు? ఒక కట్టె పలకను నడుమ తాడు కట్టి దూలానికి వేలాడదీసిండు. రెండు దిక్కులా సమానంగ నిలబడేదాంక తాడు జరుపుకుంట కూసున్నడు.

తెల్లారి చూస్తే పలక ఒక దిక్కు ఒరిగింది. ఎవ్వరు ముట్టలే. మళ్ళ సరిచేసిండు. మరునాడు మళ్ళ ఒరిగింది. ఎప్పుడు చూసినా వాన జల్లు పడే గోడ దిక్కే.

వాళ్ళ నాయిన చెవిల చెప్పిండట. "కట్టె నీళ్ళు తాగుతది బేటా. మనకు కనబడది, గాని తాగుతది."

ప్రాణాలు అరచేతుల పెట్టుకున్న ఆ వారం దినాలల్ల పదకొండేళ్ళ పిలగాడు నేర్చుకున్నది గిదీ.

పెద్దయినంక నేరేడ్‌మెట్ దిక్కున్న ఒక హెలికాప్టర్ షెడ్డుల చేరిండు. నిజమే, హెల్పర్‌గనే చేరిండు. అప్పట్ల రెక్కలు కట్టెతోనే ఉండె.

ఒక వానకాలం హెలికాప్టర్ లేస్తే చాలు, గజగజ వణుకుడు షురూ. ఇంజినీర్లు మూడు దినాలు ఇంజిన్ ఇప్పిన్రు, బిగించిన్రు. వణుకుడు తగ్గలే.

తాత పోయి అన్నడు. "సాబ్, రెక్క నీళ్ళు తాగింది."

"రెక్కకు దూపయిందా ఖాదర్? చాయ్ సుత తాగుతదా?" అని నవ్విన్రు.

రెండు రెక్కలు కాంట మీద పెట్టిన్రు. మణుగులు తూచే కాంట అది, రెండిటి బరువు ఒక్కతీరే చూపించింది. ఇంకా నవ్విన్రు.

తాత పోయి తాడు తెచ్చిండు. ఒక్కో రెక్కను నడుమల తాడు కట్టి వేలాడదీసిండు, అడితిల పలక లెక్కనే. ఒకటి సమానంగ నిలబడ్డది. రెండోది కొస దిక్కు ఒరిగింది. కారుతున్న కిటికీ దిక్కు కొస పెట్టి దాచిన రెక్క అది.

"కొసకు తులం ఎక్కువైతే, తిరిగేటప్పుడు అది మణుగు బరువు లెక్క గుంజుతది" అని నాకు చెప్పేటోడు. ఆ మాట చెప్పినప్పుడల్లా చెయ్యి గిరగిర తిప్పేటోడు. ఒకసారి చాయ్ గ్లాసు నా అంగీ మీద పడ్డది. "చూసినవా, బ్యాలెన్స్" అన్నడు.

ఆ నవ్వినోళ్ళే తెల్లారి కుర్చీ ఏసి కూసోబెట్టి అడిగిన్రట, ఏం చేద్దామని.

ఇంట్ల నేల మీద కాయితం పరిచి, పెన్సిల్‌తోని కొత్త రెక్క గీసిండు తాత. నీళ్ళు దిగకుంట కొసకు లక్క పూత. కొస లోపల చిన్న గూడు, దానికి స్క్రూల మూత. గూట్ల సీసం బిళ్ళలు. ఒరిగితే ఒక బిళ్ళ తియ్యి, తేలితే ఒక బిళ్ళ పెట్టు. ఆ రెక్కతోని లేచిన హెలికాప్టర్ వణకలే.

డ్రాయింగ్ మీద సంతకం మాత్రం ఇంజినీరు సారుది.

ఆ రెక్కలల్ల ఒకటి ఇప్పుడు సంఘం హాలు గోడకున్నది. కింద బోర్డు మీద ఆ సారు పేరే.

పోయినేడు నేను దీని మీద ఒక కరపత్రం రాసి తాతకు చూపించిన. చదివి కండ్లద్దాలు తీసిండు.

"పది లైన్లు రాసినవ్. ఎనిమిది తిట్లే. రెక్క గురించి ఏదిరా? మొత్తం ఒక్క దిక్కే బరువు పెట్టినవ్."

అందుకే తాతా, ఈసారి రెక్క గురించే రాసిన. తిట్లు మింగిన. శాన తక్లీఫ్ అయింది.

ఆ దినమే ఇంకో మాట చెప్పిండు. వాళ్ళ నాయిన తను చేసిన ప్రతి బోగీ తలుపు మీద, కనబడని మూలకు ఉలితోని మూడు గాట్లు పెట్టేటోడట. అది ఆయన గుర్తు. గోడకున్న ఆ రెక్కను చేసినప్పుడు తాత సుత మూత లోపల అవే మూడు గాట్లు పెట్టిండట.

"మరి ఇప్పి చూపిద్దాం పా" అన్న.

"ఇప్పితే మళ్ళ ఎవడు బ్యాలెన్స్ చేస్తడు? నువ్వు చేస్తవా?" అని నవ్విండు. ఇప్పనియ్యలే.

నిన్న మట్టిచ్చి వచ్చినంక రజియా అత్తను అడిగిన, ఆ మూత ఇప్పుదామా అని. 

"ఇప్పు. గాని మళ్ళ మంచిగ బిగించు. లేకుంటే అబ్బాజాన్ లేచి వచ్చి తిడతడు."

ఈరోజు సంతాప సభ. ఆ బోర్డు మీద తాత పేరు రావాలె. లొల్లి వద్దు, నినాదాలు వద్దు. ఈ మాట నాకు నేను సుత చెప్పుకుంటున్న. అందరి ముంగట మూత ఇప్పుదాం, మూడు గాట్లు చూపిద్దాం, మళ్ళ బిగిద్దాం. అయినంక ఆ సెక్రటరీనే చదవమందాం బోర్డు మీద ఏమున్నదో.

నెమ్మదిగ పండుకో తాతా. నువ్వున్న కాడ ముసురు లేకుండా ఉండాలె.

సాయంత్రం ఐదు గంటలకు, సంఘం హాలు కాడ. స్క్రూడ్రైవర్ నేను తెస్తున్న. మీరు రాండ్రి.